తోటకు వచ్చే చలికాలపు చుట్టం - పొన్నంకి పిట్ట



తెల్లవారుజామున మామిడి తోటలో రెండు ముక్కలుగా తెగిన ఈల ఎప్పుడైనా విన్నారా? తల ఎత్తి కొమ్మల్లో వెదకితే కనబడదు. నేలమీద, ఎండుటాకుల్లో చూడవలెను. అదే పొన్నంకి పిట్ట.

గోరింకకంటె చిన్నది, తోక మొండి. వీపు ఆకుపచ్చ, రెక్కలమీద నీలం, కంటిమీదుగా నల్లని పట్టె, పొట్ట కింద ఎరుపు. ఇన్ని రంగులు గనుక హిందీవారు నవరంగ్ అన్నారు. ఉదయం, సాయంత్రం కూస్తుంది గనుక తమిళులు ఆరుమణి కురువి అన్నారు. మన ‘పిట్ట’ అన్న మాటనే 1816లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీని ప్రజాతికి పేరుగా పెట్టినాడు.

ఈ పిట్టకు రెండు కాపురాలు. వానకాలంలో హిమాలయాల దిగువ అడవుల్లో, మధ్య భారతపు కొండల్లో గడ్డి, ఆకులతో గుండ్రని గూడు కట్టి నాలుగైదు గుడ్లు పెడుతుంది. వానలు వెనుదిరిగాక రాత్రివేళ ఎగురుతూ దక్షిణాదికి, సింహళానికి చేరుతుంది. ఎక్కడున్నా దాని తిండి ఒకటే: ఆకుల కింది పురుగులు, వానపాములు. నీడ, తడి, రాలిన ఆకు లేనిచోట దానికి బతుకు లేదు.

ఒక ఏడు కార్తికంలో ఒక రైతు అలసి పడిపోయిన పిట్టను తెచ్చినాడు. బుట్టలో పెట్టి, గుడ్డ కప్పి నీడన ఉంచాము. సాయంత్రానికి తేరుకొని తోటలోకి పోయింది. మర్నాడు వెళ్ళేసరికి ఆ తోటలో ఆకు చెత్త తగలబడుతున్నది. “ఇదేమిటయ్యా?” అన్నాను. “తమరు చెప్పిందే గదండీ!” అన్నాడు. నిజమే, చెప్పింది నేనే. ఆ పిట్ట మళ్ళీ కనబడలేదు.

అందుచేత ఇప్పుడు మాట మార్చి చెబుతున్నాను. తెగులు తగిలిన కొమ్మా ఆకూ ఏరి కాల్చండి. మిగతా ఆకును చెట్ల పాదుల్లో పరచండి. నేల తడి ఆరదు, కుళ్ళి ఎరువవుతుంది, పిట్టకూ తిండి దొరుకుతుంది. గట్లమీది పొదలన్నీ ఒక్కసారే నరకవద్దు. పిట్ట పడిపోతే పిల్లికి దొరకనీయక, గాలి ఆడే బుట్టలో ఉంచి, తేరుకోగానే వదలండి. నోట్లో నీళ్ళు పోయవద్దు. పంజరంలో పెంచవద్దు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

ఈసారి వానలు వెనుదిరిగాక తెల్లవారుజామున తోటకు వెళ్ళి చెవి ఒగ్గండి. ఈల వినబడితే మీ ఊరి విస్తరణాధికారికి చెప్పండి. మేమూ వచ్చి వింటాం.