అర్ధశక్తి వ్యాయామం - విద్యార్థి దినచర్య

వ్యాయామం మానడానికి కళాశాల విద్యార్థి చెప్పే కారణం సాధారణంగా ఒక్కటే: తీరిక లేదు. కోనసీమ లంకగ్రామాల నుండి అమలాపురం, రాజోలు, కొత్తపేటలకు వచ్చి చదివేవారికి రాకపోకల కాలం కూడ తోడై ఈ మాట కొంత నిజమే అవుతుంది. అయితే ఆయుర్వేద శాస్త్రకర్తలు వ్యాయామానికి కొలతగా కాలాన్ని గాక బలాన్ని గ్రహించడం గమనార్హం.

అష్టాంగహృదయం సూత్రస్థానంలో, దినచర్యాధ్యాయంలో, వాగ్భటుడు వ్యాయామం వలన శరీరలాఘవం, కార్యసామర్థ్యం, జఠరాగ్నిదీప్తి కలుగుతాయన్నాడు. బలవంతులు శీతకాలంలోను వసంతంలోను అర్ధశక్తితో, ఇతర ఋతువులలో అంతకంటె తక్కువగా చేయాలని నియమించాడు. వేసవి ఉక్కపోత అధికమైన కోనసీమలో ఈ ఋతునియమం విశేషంగా పాటింపదగినది. అర్ధశక్తికి గుర్తు సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో ఉంది: హృదయస్థానంలోని వాయువు నోటికి వచ్చినపుడు, అనగా నోటితో ఊపిరి తీయవలసి వచ్చినపుడు, సగం బలం వ్యయమైనట్లు. అక్కడ ఆగినవానికి పఠనానికి కావలసిన శక్తి మిగులుతుంది.

వారమంతా మాని ఆదివారం అతిగా శ్రమించడం ఈ నియమానికి విరుద్ధం. అతివ్యాయామం చేసేవాడు ఏనుగును ఈడ్చే సింహంవలె నశిస్తాడని వాగ్భటుని హెచ్చరిక.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో వయోజనులకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యమస్థాయి శ్రమను సూచించింది. స్వల్పకాలపు శ్రమ కూడ లెక్కకు వస్తుందన్నది. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు దినాలు చాలును. కాలువగట్టున వేకువ నడక కొంత, బస్సు కోసం వేగంగా నడిచేది కొంత కలిస్తే ఆ లెక్క పూర్తవుతుంది. కావున విద్యార్థి వెదకవలసినది అదనపు కాలాన్ని కాదు, నిత్యనియమాన్ని.