పల్లీల కారానికి కాపలా ఎవరు?

షోలాపూర్ తూర్పు భాగంలో అశోక్ చౌక్, సాఖర్ పేట, దాజీ పేటల వైపు నడిస్తే బోర్డులు మరాఠీలో కనిపిస్తాయి, గుమ్మాల్లో మాటలు తెలుగులో వినిపిస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి తరాల కిందట నేతపని కోసం వలస వచ్చిన పద్మశాలీల పేటలివి. చద్దర్లు, టవళ్లు నేసే మరమగ్గాల చప్పుడు నడుమ అక్కడి ఇళ్లలో రోకటి పోటు కూడా వినిపిస్తుంది. వేయించి పొట్టు తీసిన పల్లీలు, ఎండుకారం, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి కలిపి దంచుతారు. దంచగా దంచగా పొడి కాస్తా ముద్ద కట్టి, రోటి అంచున ఎర్రటి నూనె తేలుతుంది. చుక్క నీరు పడదు. మరాఠీలో దాని పేరు షేంగా చట్నీ, మనకు పల్లీల కారం. దానికి జోడీ కడక్ భాక్రీ. అంటే పలుచగా చేసి కాల్చి, అప్పడంలా పెళ్లున విరిగేదాకా ఆరబెట్టిన జొన్నరొట్టె. ఈ రెండూ ఫ్రిజ్ మొహం చూడకుండానే వారాల తరబడి నిలుస్తాయి.

ఎలా నిలుస్తాయంటే చాలామంది చెప్పే జవాబు "వెల్లుల్లి వేశాం కదా" అని. అందులో నిజం ఉంది, కానీ సగమే.

వెల్లుల్లి రెబ్బలో అల్లీన్ అనే పదార్థం ఒక అరలో, అల్లినేజ్ అనే ఎంజైము మరో అరలో విడివిడిగా ఉంటాయి. రోకటి దెబ్బకు ఆ అరలు పగిలి రెండూ కలుస్తాయి, క్షణాల్లో అల్లిసిన్ పుడుతుంది. దంచినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు దానిదే. 1944లో అమెరికాలో కావల్లిటో, బెయిలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి, బాక్టీరియాను చంపుతుందని చూపించారు. సూక్ష్మజీవుల ఎంజైముల్లో గంధకం ఉన్న చోట్లను అది పట్టుకుంటుంది, వాటి పని ఆగిపోతుంది. అయితే అల్లిసిన్‌కు ఆయుష్షు తక్కువ. నూనెలో అది త్వరగా విరిగి వేరే పదార్థాలుగా మారిపోతుంది. వెల్లుల్లిని ముందే వేయించేస్తే ఎంజైము చచ్చి, అల్లిసిన్ పుట్టనే పుట్టదు. అలాంటి కాపలాదారును నమ్ముకుని వారాల తరబడి డబ్బా మూసిపెట్టలేం.

మిగతా సగం జవాబు నేత ఇళ్లలో అందరికీ తెలిసిందే. పడుగుకు గంజి పట్టించి సరిగా ఆరబెట్టకపోతే వానాకాలంలో బూజు మచ్చలు తేలతాయి. అదే గంజి బాగా ఆరిన నూలు మీద నెలల తరబడి ఏమీ కాదు. బూజుకు దొరికే తిండి మారలేదు, తేమ మారింది. అందుకే మిల్లుల కాలంలో గంజిలో జింక్ క్లోరైడ్, మైలుతుత్తం లాంటి బూజు మందులు కలిపేవారు. నూలుకైతే చెల్లింది, నోటికి పెట్టేదానిలో అవి కలపలేం కదా.

ఆహారంలో సూక్ష్మజీవికి అందే నీటిని శాస్త్రవేత్తలు ఒక అంకెతో కొలుస్తారు. శుద్ధమైన నీటికి అది 1. చాలా బాక్టీరియా 0.91 కన్నా తగ్గితే పెరగలేవు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే మొండి ఘటం 0.86 దాకా ఓర్చుకుంటుంది. కొన్ని బూజులు ఇంకా కిందికి, 0.70 దాకా దిగుతాయి. 0.60 దాటి కిందికి వెళ్లాక ఏదీ పెరగదు. వేయించిన పల్లీ, ఎండిన రొట్టె అంత కింద ఉంటాయి. ఉప్పు ఉన్న కాస్త తేమను కూడా తనవైపు లాక్కుంటుంది. షోలాపూర్ వానలు తక్కువ పడే పొడి ప్రాంతం కావడం ఇంకో సాయం. అంటే పల్లీల కారానికి అసలు కాపలా ఎండుదనం. ఉప్పు, కారం, వెల్లుల్లి దాని వెనక నిలబడ్డ బలగం. జర్మన్ శాస్త్రవేత్త లోథార్ లైస్ట్‌నర్ ఇలా చిన్నచిన్న అడ్డంకులను వరసగా పెట్టి ఆహారాన్ని కాపాడే పద్ధతి గురించి జీవితమంతా రాశాడు. ఒక్కో అడ్డంకిని దాటగల సూక్ష్మజీవి కూడా అన్నింటినీ దాటేసరికి అలసిపోతుంది.

ఎండుదనాన్ని తీసేసి వెల్లుల్లిని మాత్రం ఉంచితే ఏమవుతుందో 1985లో కెనడాలోని వాంకూవర్ చూసింది. ఒక రెస్టారెంట్లో ఫ్రిజ్ బయట ఉంచిన, నూనెలో వేసిన తరిగిన వెల్లుల్లి తిని 36 మందికి బొట్యులిజం వచ్చింది. నరాలను చచ్చుబరిచే విషం వల్ల వచ్చే జబ్బు అది. ఆ విషాన్ని తయారుచేసే బాక్టీరియా బీజాలు మట్టిలో ఉంటాయి, వెల్లుల్లి మట్టిలోనే పెరుగుతుంది. పైన నూనె గాలిని ఆపింది, రెబ్బలో నీరు నిండుగా ఉంది, పులుపు లేదు. వాటికి కావలసింది అంతే. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో మరో ముగ్గురు ఇలాగే జబ్బుపడ్డాక, అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇటువంటి సీసాల్లో ఆమ్లం కలపాలని ఆదేశించింది. సూక్ష్మజీవులను చంపుతుందని పేరున్న వెల్లుల్లే వాటికి ఇల్లయింది.

పల్లీ విషయంలో మరో సంగతి ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన పల్లీపిండిలో తేలింది. ఆస్పర్జిల్లస్ అనే బూజు వదిలిన అఫ్లటాక్సిన్ అది. ఆ విషం పల్లీలో ఒకసారి చేరితే వేయించినా పూర్తిగా పోదు, ఎంత కారం, ఎంత వెల్లుల్లి దట్టించినా మాయం కాదు. మూలికలు చెడకుండా ఆపగలవు, చెడినదాన్ని బాగుచేయలేవు. దంచడానికి కూర్చునే ముందు చేటలో పల్లీలు పోసి ముడుచుకున్నవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి ఏరిపారేసే ఆ పది నిమిషాలు ఏ మసాలా కన్నా విలువైనవి.

ఇక ఆహారాన్ని నిలవ ఉంచే విషయంలో షోలాపూర్ దగ్గర ఉన్న అసలైన నిధి గురించి. ఈ జిల్లా దానిమ్మకు పేరుమోసింది. జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం 2005లో ఇక్కడే వెలిసింది. గింజలు ఒలిచాక మిగిలే తొక్క తక్కువేమీ కాదు, పండు బరువులో దాదాపు సగం దాకా ఉంటుంది. ఆ తొక్కను నాలుక మీద పెట్టండి. నోరు పిడచగట్టుకుపోతుంది. ఆ వగరు టానిన్లది, ముఖ్యంగా ప్యూనికలాజిన్ అనేదానిది. మన ఉమ్మిలోని ప్రొటీన్లను అది పట్టి ముద్ద చేస్తుంది, అందుకే నాలుక బరకగా అనిపిస్తుంది. బాక్టీరియా ప్రొటీన్లకూ అదే గతి. పైగా వాటికి కావలసిన ఇనుమును కూడా టానిన్ కట్టిపడేస్తుంది. దానిమ్మ తొక్కతో నూలుకు పసుపు రంగు వేసి, ఇనుము తగిలించి ముదురు రంగుకు తిప్పే అద్దకపువాళ్లు వాడుకునేది కూడా ఈ గుణాన్నే.

ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఈ తొక్క సారాన్ని కోడిమాంసం వంటకాల్లో కలిపి చూశారు. చల్లగా నిలవ ఉంచినప్పుడు అవి మామూలు కన్నా రెండు మూడు వారాలు ఎక్కువ ఆగాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్, బాసిల్లస్ సీరియస్‌లను అడ్డుకోవడానికి 0.01 శాతం చాలింది. అంటే కిలోకు పదో వంతు గ్రాము. సూడోమోనాస్‌కు దానికి పదింతలు కావలసి వచ్చింది. ఇ.కొలై, సాల్మొనెల్లాల మీద మాత్రం పనిచేయలేదు. ఇలాంటి బాక్టీరియాకు గోడ బయట ఇంకో పొర ఉంటుంది, చాలా మొక్కల సారాలు అక్కడే ఆగిపోతాయి. మొక్కల సారం అన్ని క్రిములనూ చంపుతుందని రాసి అమ్మే ప్యాకెట్లను నమ్మకూడదనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు కనిపించదు.

అలాగని తొక్కను ఇంట్లో ఎండబెట్టి పొడిచేసి కూరల్లో కలపమని నేను చెప్పను. తోటల్లో పురుగుమందు పడేది తొక్క మీదే. శుద్ధి చేసి, మోతాదు కట్టి, పరీక్షించి ఇవ్వాల్సిన పని అది. కానీ రోజ్‌మేరీ ఆకు సారానికి ఐరోపాలో ఇ-392 అనే అంకె ఇచ్చి నూనెలు చెడకుండా వాడుకుంటున్నప్పుడు, మన దానిమ్మ తొక్క చెత్తకుప్పకు పోవడం నాకు బాధగా ఉంటుంది. పల్లీల కారం, కడక్ భాక్రీ ప్యాకెట్లు కట్టి బతుకుతున్న మహిళా సంఘాలు షోలాపూర్‌లో ఉన్నాయి. పరిశోధన కేంద్రం కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఈ ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. కారం డబ్బాలో తడి చెంచా పెట్టకండి. వెల్లుల్లి మోతాదు మించితే దాని తడి కూడా చేరుతుందని గుర్తుంచుకోండి. పచ్చి వెల్లుల్లి నూనెలో వేసుకుంటే ఫ్రిజ్‌లోనే ఉంచి, నాలుగు రోజుల్లో వాడేయండి. మిగిలితే పారబోయండి. బొట్యులిజం విషానికి రంగు లేదు, వాసన లేదు.