పిల్లల పరుగు: ఫోన్‌తో సాధన ఎలా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మీ పిల్లలు హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ నాలుగో తరగతి ఎంపికకు సిద్ధమవుతున్నారా? అందులో 30 మీటర్ల పరుగు పరీక్ష ఉంటుంది.

స్టాప్‌వాచ్ చాలదా?
బటన్ నొక్కడంలోనే సుమారు 0.2 సెకన్ల తేడా రావచ్చు. చిన్న పరుగులో అది పెద్దదే.

ఫోన్‌తో ఎలా?
రెండు గీతలూ కనిపించేలా ఫోన్‌ను స్టాండ్‌పై పెట్టి, సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్‌లో వీడియో తీయండి. గీతల మధ్య ఫ్రేములను లెక్కించి 120తో భాగిస్తే సమయం తెలుస్తుంది. ప్రతి వారం ఫోన్‌ను అదే చోట పెట్టండి. అప్పుడే పోల్చగలరు.

బడిలో ఏముంది?
2019లో వచ్చిన ఖేలో ఇండియా యాప్‌లో 5–18 ఏళ్ల విద్యార్థుల ఫిట్‌నెస్ పరీక్షల వివరాలు నమోదు చేయొచ్చు. మీ పీఈటీని అడగండి. వీడియో కూడా చూపించండి. ఫోన్ తప్పును పట్టిస్తుంది, దిద్దాల్సింది గురువే.