నీడతో కొలిచిన మంచు లోకాలు

నెప్ట్యూన్ కక్ష్యకు అవతల మంచూ రాయీ కలిసిన ముద్దలు వేలకు వేలు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. కైపర్ బెల్ట్ అనే ఆ ప్రాంతంలో అంతరిక్ష నౌక దగ్గరికి పోయి చూసింది రెండు చోట్లనే: 2015లో ప్లూటోను, దాని చందమామలను, 2019లో ఆరొకోత్‌ను. మిగిలినవి దాదాపు అన్నీ పెద్ద పెద్ద టెలిస్కోపులకు కూడా చుక్కలే. అయినా ఫలానా దాని వెడల్పు ఇంత, ఫలానా దాని చుట్టూ వలయం ఉంది అని శాస్త్రజ్ఞులు ధీమాగా చెబుతున్నారు. ఆ ధీమాలో పెద్ద వాటా నీడలది.

ఆ ముద్దలు కంటికి చిక్కడమే కష్టం. ఒక వస్తువును రెండింతల దూరానికి జరిపితే దాని మీద పడే ఎండ నాలుగో వంతవుతుంది. అది తిప్పికొట్టిన వెలుగు మన దాకా వచ్చేసరికి మళ్లీ నాలుగో వంతవుతుంది. మొత్తం మీద వెలుగు పదహారు రెట్లు తగ్గిపోతుంది. అందుకే 1930లో ప్లూటో దొరికాక అక్కడ సూర్యుడి చుట్టూ తిరిగే ఇంకో వస్తువును పట్టుకోవడానికి 62 ఏళ్లు పట్టింది. డేవిడ్ జూయిట్, జేన్ లూ అయిదేళ్లు వెతికి, 1992 ఆగస్టులో హవాయిలోని మౌనా కియా శిఖరం నుంచి దాన్ని పట్టారు.

దొరికినా కొలత తెలియదు. మసిబారిన పెద్ద ముద్దా, తెల్లని మంచు కప్పుకున్న చిన్న ముద్దా ఒకే వెలుగు ఇవ్వొచ్చు. నూటికి 16 పాళ్లు వెలుగు తిప్పికొడుతుందని లెక్కేసుకున్నది నిజానికి 4 పాళ్లే తిప్పికొడుతుంటే, దాని అసలు వ్యాసం మన అంచనాకు రెట్టింపన్న మాట.

ఈ చిక్కు విడిపోయేది ఆ ముద్ద ఏదైనా నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు. నక్షత్రం ఎంతో దూరంలో ఉంటుంది కాబట్టి దాని కిరణాలు సమాంతరంగా వస్తాయి. భూమ్మీద పడే నీడ ముద్ద అంతే ఉంటుంది. సెకనుకు ఇరవై కిలోమీటర్లకు పైగా వేగంతో ఆ నీడ నేల మీదుగా పోతుంది. దాని దారిలో కూర్చున్నవారికి నక్షత్రం ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలుగుతుంది. ఎంతసేపు ఆరిందో తెలిస్తే అక్కడ ముద్ద ఎంత అడ్డముందో తెలిసిపోతుంది. దీన్ని ఆకల్టేషన్ అంటారు. నీడకు అడ్డంగా వరసగా మనుషుల్ని నిలబెడితే, ఒక్కొక్కరు ఒక్కో గీత ఇస్తారు. గీతలన్నీ పేర్చితే ఆకారం వస్తుంది.

ఆరొకోత్ కథే చూడండి. 2014లో హబుల్ టెలిస్కోప్ దాన్ని కనిపెట్టింది. ప్లూటోను చూసిన న్యూ హొరైజన్స్ నౌక అక్కడికి చేరేలోగా దాని సైజూ ఆకారమూ తెలియాలి. 2017 జూన్ 3న దక్షిణాఫ్రికాలోనూ అర్జెంటీనాలోనూ టెలిస్కోపులు పెట్టుకుని కాచుకుంటే నీడ ఎవరికీ చిక్కలేదు. జులై 17న అర్జెంటీనాలోని చుబుట్ రాష్ట్రంలో మళ్లీ మాటు వేశారు. అక్కడ నడిచలికాలం, ఊపేసే గాలి. స్థానికులు లారీలు తెచ్చి గాలికి అడ్డంగా నిలిపారు. కొమొడోరో రివడావియా పట్టణంలో వీధి దీపాలు ఆర్పారు. బండ్ల లైట్లు పడకుండా జాతీయ రహదారిని రెండు గంటలు మూసేశారు. ఆ రాత్రి కాచిన 24 టెలిస్కోపుల్లో అయిదింటికి నీడ దొరికింది. ఆ అయిదు గీతలను చూసి, ఇది గుండ్రటిది కాదు, పొడుగ్గానో జంటగానో ఉండాలని చెప్పారు. 2019 జనవరి 1న నౌక 3,500 కిలోమీటర్ల దూరంలో పక్కగా పోతూ ఫొటోలు తీసింది: నిజంగానే జంట! మొత్తం పొడవు సుమారు 36 కిలోమీటర్లు. రెండిట్లో పెద్దది అరచేత నొక్కిన పిండిముద్దలా చదునుగా ఉంది. రెండూ ఢీకొన్న జాడ లేదు. దాదాపు మనిషి నడక వేగంతో వచ్చి అతుక్కున్నాయి. గ్రహాలకు ముడిసరుకైన ముద్దలు భీకరమైన గుద్దుళ్లలో కాకుండా ఇలా మెల్లగా పోగుపడి పుట్టాయనే వాదానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు. 660 కోట్ల కిలోమీటర్ల అవతలి వస్తువు రూపాన్ని రోడ్డు పక్కన నిలబడి ముందే పసిగట్టడం, నా దృష్టిలో, నౌక అక్కడికి చేరడానికి ఏమాత్రం తీసిపోని ఘనత.

నీడలు వలయాలను కూడా పట్టిస్తాయి. నక్షత్రం అసలు ఆరడానికి ముందొకసారి, తర్వాతొకసారి మసకబారితే చుట్టూ ఏదో ఉన్నట్టే. ఈ పాఠంలో మనవాళ్లకూ భాగముంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు భట్టాచార్య, కుప్పుస్వామి కూడా చూశారు. వెలుగు తగ్గడం గమనించి కొత్త ఉపగ్రహమేమో అని ‘నేచర్’ పత్రికకు రాశారు; అది వలయాల పని అని తేలింది.

శని, యురేనస్‌ల మధ్య తిరిగే 250 కిలోమీటర్ల చారిక్లోకు రెండు వలయాలున్నాయని 2013లో ఇలాగే బయటపడింది. 2023లో కైపర్ బెల్ట్‌లోని క్వావార్ వంతు వచ్చింది, అది అందరినీ తికమక పెట్టింది. గ్రహానికి మరీ దగ్గరగా ఉన్న పొడి దాని లాగుడుకు కలవలేక వలయంగా మిగిలిపోతుంది. దూరంగా ఉన్న పొడి చేరి చందమామ అవుతుంది అని మన పాఠం. ఆ దగ్గరకూ దూరానికీ మధ్య హద్దు క్వావార్‌కు సుమారు 1,780 కిలోమీటర్లు. వలయమేమో 4,100 కిలోమీటర్ల దూరాన ఉంది. అంత చలిలో మంచు రేణువులు గుద్దుకున్నా అతుక్కోక ఎగిరిపోతున్నాయేమోనని ఒక ఊహ.

నీడలు పట్టే ఈ పనికి టెలిస్కోపు అద్దం సైజు కన్నా నిలబడే చోటు ముఖ్యం. జపాన్‌లోని మియాకో దీవిలో రెండు 28 సెంటీమీటర్ల టెలిస్కోపులతో సుమారు 2,000 నక్షత్రాలను 60 గంటలు గమనించి, సుమారు 1.3 కిలోమీటర్ల వ్యాసార్థమున్న ముద్ద నీడను పట్టినట్టు 2019లో ప్రకటించారు. అంత చిన్నది ఏ టెలిస్కోపుకూ నేరుగా కనబడదు. మన కాలేజీల ఫిజిక్స్ విభాగాలు దీన్ని పట్టించుకోవాలి. గ్రహశకలాల నీడలు ఎప్పుడు ఎక్కడ పడతాయో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఓ మోస్తరు టెలిస్కోపు, వీడియో కెమెరా, జీపీఎస్ గడియారం ఉంటే మొదలుపెట్టవచ్చు. మీ ఊరి మీదుగా పోయే నీడకు అక్కడ మీరు తప్ప వేరే సాక్షి ఉండకపోవచ్చు.