పాత బట్టల బొంత

చిరిగిన చీరను పారవేయుటకు తెలుగు గృహిణికి మనసొప్పదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలను పరచి, నడుమ పాత పంచెలనుంచి, అంచులు మడిచి, లావు దారముతో ఈ కొననుండి ఆ కొనవరకు వరుసగా కుట్లు వేసినచో బొంత యగును. దానిపై పసిబిడ్డ నిద్రించును. వానకాలపు రాత్రి ముసలివారు దానిని కప్పుకొందురు. అంగడిలో దానికి వెల లేదు. అయినను ఇచ్చివేయుమన్నచో ఏ తల్లియు ఇచ్చివేయదు. ఏలయనగా అందులో అమ్మమ్మ చీర యొకటి, తండ్రి పంచె యొకటి, బిడ్డ తొడిగి విడిచిన చొక్కా ముక్క యొకటి చేరియుండును.

ఇట్టి బొంతలవలననే లోకమంతట పేరు పొందిన తోటకూలీల గ్రామ మొకటి అమెరికా దేశములో కలదు. దాని పేరు గీస్ బెండ్. ఆ గ్రామస్థుల చరిత్ర తోటలలో బ్రదుకు ప్రతి కుటుంబమును తెలిసికొనదగినది.

నది వంపులోని గ్రామము

అలబామా రాష్ట్రమున అలబామా నది పెద్ద వంపు తిరిగినచోట మూడు వైపుల నీరు చుట్టుకొనిన నేల యున్నది. 1816వ సంవత్సరమున జోసెఫ్ గీ యను భూస్వామి అచ్చట ప్రత్తితోట వేయించెను. అతని పేరును నది వంపును కలిసి ఆ చోటికి పేరయ్యెను. 1845లో ఆ తోట మార్క్ పెట్వే యనువాని వశమయ్యెను. అతని బానిసలు దూరమందున్న ఉత్తర కరోలినానుండి కాలినడకను వచ్చిరని వారి సంతతివారు చెప్పుకొందురు. నేటికిని ఆ గ్రామములో ననేకుల యింటిపేరు పెట్వేయే.

1865లో బానిసత్వము రద్దయ్యెను గాని దున్నెడి నేల వారిది కాలేదు. వారు పాలికి సేద్యము చేసిరి. విత్తనములను తిండిగింజలను అప్పు తెచ్చిరి. పంట చేతికి వచ్చినంతనే అది అప్పు క్రింద పోవుచుండెను. 1932లో వారికి అప్పులిచ్చిన వర్తకుడు మరణించెను. అతని కుటుంబము పక్షమున మనుష్యులు వచ్చి, బాకీ పేరిట సుమారు 60 కుటుంబముల పశువులను, పనిముట్లను, ధాన్యమును పట్టుకొనిపోయిరి. రెడ్ క్రాస్ సంఘము పంపిన ఆహారముతో గ్రామస్థులు ప్రాణములు నిలుపుకొనిరి. కంగాణి బాకీల సంగతి తాతలనోట వినినవారికి ఈ కథ పరాయిది కాదు.

ఒంటరిగా పేర్చుట, కూడి కుట్టుట

వారి యిండ్లు మొద్దులతో కట్టినవి. సందులలోనుండి చలిగాలి చొరకుండ గోడలకు వార్తాపత్రికల కాగితములు అంటించుకొనిరి. చలికాలమున మంచమునకు ఒక బొంత చాలదు. కంబళ్లు కొనుటకు సొమ్ము లేదు. కావున స్త్రీలు మోకాళ్లయొద్ద వెలిసిన లాగులను, పాత చొక్కాలను, పిండిసంచులను, ఎరువు సంచులను కోసి, గట్టి ముక్కలను ఏరి అతికిరి. మిగులు ప్రత్తిని కర్రతో కొట్టి మెత్తజేసి నడుమ పరచిరి.

ఈ పని రెండు వంతులుగా సాగెను. పైగుడ్డకు ముక్కలు పేర్చుట ప్రతి స్త్రీయు తన యింటనే, తనకు తోచినట్లు చేసికొనుచుండెను. ఏ రంగు ప్రక్కను ఏ రంగు ఉండవలెనో ఎవరిని అడుగనక్కరలేదు. చదరము చుట్టు చదరముగా పెరుగు నొక మాదిరికి ‘ఇంటికప్పు’ అని పేరు. పిమ్మట ఆ పైగుడ్డను, దూదిని, అడుగుగుడ్డను చట్రమునకు బిగించి కలిపి కుట్టవలెను. అది ఒంటిచేతి పని కాదు. అప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు చట్రముచుట్టు కూర్చుండి, నేడు ఒకరి యింటి బొంతను, రేపు మరియొకరి యింటి బొంతను కుట్టుచుండిరి. కుట్టుచు కీర్తనలు పాడిరి, ప్రార్థన చేసిరి, కష్టసుఖములు చెప్పుకొనిరి. చిన్నపిల్లలు సూదులలో దారమెక్కించుచు పని నేర్చుకొనిరి. చలి పోగొట్టుటకు మొదలిడిన పని వారి ఒంటరితనమునుకూడ పోగొట్టెను.

భర్త పనిబట్టలు

1942లో మిస్సోరి పెట్వే యను స్త్రీ భర్తను కోల్పోయెను. ఆమె అతని పనిబట్టలను కోసి, కుమార్తెయగు ఆర్లోంజియా తోడ్పాటుతో బొంత కుట్టెను. అతనిని జ్ఞాపకముంచుకొనుటకును, అతని ప్రేమను కప్పుకొని పరుండుటకును తల్లి అట్లు చేసెనని కుమార్తె తరువాత తెలిపెను. ఎండకు వెలిసిన ఆ గుడ్డల బొంత నేడు వాషింగ్టన్ నగరమందలి జాతీయ చిత్రశాలలో భద్రముగా నున్నది.

ఆ కాలముననే మలయా తోటలలోను దుఃఖము నిండియుండెను. 1942 మొదలు 1945 వరకు జపానువారి యేలుబడిలో గుడ్డకు కరవు వచ్చి, అనేకులు గోనెసంచులు కట్టుకొనిరి. సయాము రైలుమార్గపు పనికి పట్టుకొనిపోబడిన తమిళ, తెలుగు కూలీలలో పలువురు తిరిగి రాలేదు. రబ్బరుపాలు పడి నల్లని మరకలు కట్టిన చొక్కా యొక్కటియే మిగిలిన యింట, ఆ చొక్కా ఎట్టి ధనమో మిస్సోరివంటి స్త్రీకి చెప్పనక్కరలేదు.

నిరాడంబరత వేరు, లేమి వేరు

ఉన్నదానితో చక్కగా బ్రదుకుట మంచి గుణము. అయినను అన్యాయమునకు తలయొగ్గి యూరకుండుట ఆ గుణములో చేరదు. గీస్ బెండ్ వారు ఈ భేదమును బాగుగ ఎరిగిరి. 1937లో ప్రభుత్వము తోటనేలను కొని, క్రొత్త యిండ్లు కట్టించి, తరువాత వానిని అప్పుపై కుటుంబములకు విక్రయించినప్పుడు, వారు నేలను విడువక తీసికొనిరి. ఓటుహక్కుకై పేర్లు వ్రాయించుకొన పూనినందున 1962లో వారికి ఏరు దాటించు పడవ నిలిపివేయబడెను. అయినను వారు వెనుదీయలేదు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ అచ్చటికి వచ్చి వారిని ప్రోత్సహించెను.

1966లో ఫ్రాన్సిస్ వాల్టర్ అను పాదిరి తోడ్పాటుతో ఆ ప్రాంతపు స్త్రీలు బొంతలు కుట్టు సహకార సంఘమును స్థాపించిరి. బొంతలు న్యూయార్కు నగరమున వేలమునకు పోయెను. సంఘము కొంత నేల కొని, ఓటు కోరినందుకు ఇండ్లు పోగొట్టుకొనిన కుటుంబములకు దానిలో భాగములు విక్రయించెను. 1972లో సియర్స్ కంపెనీకి దిండుగలేబులు కుట్టు పని దొరికెను. ఆ పనిలో కొలతయు కుట్టును కంపెనీ చెప్పినట్లే యుండవలెను; సొంత ఊహకు తావు లేదు. అయినను చేతికి కూలి వచ్చెను. మిగిలిన గుడ్డ ముక్కలను ఇంటికి తెచ్చుకొని, వానితో తమకు నచ్చినట్లు బొంతలు కుట్టుకొనిరి.

2002లో హూస్టన్ నగరపు చిత్రశాలలో వారి బొంతలు ప్రదర్శింపబడగా జనులు ఆశ్చర్యముతో చూచిరి. 2006లో అమెరికా తపాలాశాఖ ఆ బొంతల బొమ్మలతో 10 బిళ్లలు వెలువరించెను. నిలిచిపోయిన పడవయు ఆ సంవత్సరముననే మరల నడిచెను. సహకార సంఘము 2012లో ముగిసెను గాని బొంత కుట్టుట గ్రామమున ఆగిపోలేదు.

ఇంట చేయదగిన పని

ఏ తోటలోనైనను ఈ పనికి ఒక సూది, దారము, పాత నూలుగుడ్డలు చాలును. మోకాళ్లు, మోచేతులు, భుజములు చిరిగినను, చొక్కా వీపును చీర కుచ్చెళ్లును చాలకాలము గట్టిగా నుండును; ఆ భాగములనే కోసి దాచవలెను. నూలును నూలుతోనే చేర్చవలెను. పట్టువంటి జారుగుడ్డలను కలిపినచో కుట్లు లాగివేయును. ముక్కలను ముందుగా వేడినీట ఉతికి ఆరవేసినచో తరువాత ముడుచుకొనవు. వరుస కుట్లు నాలుగు వ్రేళ్ల యెడమున వేసినచో లోపలి గుడ్డ కదలదు.

అన్నిటికంటె ముఖ్యముగా, కుట్టువేళ ఒక్కరే కూర్చుండరాదు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్లను, బిడ్డ పోయి దుఃఖించు తల్లిని, కన్ను మందగించిన ముసలమ్మను పిలిచి చాపపై చోటియ్యవలెను. కుట్టలేని ముసలమ్మ ఏ ముక్క ఎవరి బట్టయో చెప్పగలదు. ఆ మాటలు వినుచు కుట్టిన పిల్లలు తమ పెద్దల పేర్లు మరువరు.