రోడ్డు ప్రమాదం: రక్తం కారితేనే గాయమా?

ప్రమాదం జరగగానే పది మంది పోగవుతారు. ఒకరు నీళ్లు తాగించమంటారు, ఇంకొకరు లేపి కూర్చోబెట్టమంటారు, మరొకరు కేసులో ఇరుక్కుంటామని వెనక్కి లాగుతారు. మేలు చేద్దామనే అంటారు గానీ ఇందులో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. గాయం చూడ్డానికి ఎంత ఘోరంగా ఉందన్నది ఎమర్జెన్సీ డాక్టర్లకు మొదటి ప్రశ్న కాదు. రక్తం ధారగా పోతోందా, ఊపిరి సరిగా ఆడుతోందా, నాడి ఎలా ఉంది, తెలివి ఉందా... వాళ్లు చూసే వరస ఇదీ. జనంలో పాతుకుపోయిన అపోహలు చాలావరకు ఈ వరసను తారుమారు చేసేవే.

అపోహ: గట్టిగా అరుస్తున్నవాళ్లకే పెద్ద దెబ్బ తగిలి ఉంటుంది.

వాస్తవం: అరుస్తున్నారంటే ఊపిరి ఆడుతోందన్నమాట. కిక్కురుమనకుండా పడి ఉన్నవారి దగ్గరికే ముందు వెళ్లాలి. స్పృహ తప్పితే నాలుక వెనక్కి జారి, లేదా రక్తమో వాంతో అడ్డుపడి గొంతు మూసుకుపోవచ్చు. గురక వినిపిస్తే నిద్రపోతున్నారనుకోవద్దు, ఊపిరి దారి మూసుకుపోతోందని అర్థం. మెడ కదపకుండా, రెండు దవడ మూలలూ పట్టి ముందుకు జరపాలి. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి మనిషిని పక్కకు తిప్పాలి.

అపోహ: పైకి రక్తం లేదు, బీపీ బాగుంది. గండం గడిచినట్టే.

వాస్తవం: పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. తొడ ఎముక విరిగితే చర్మం చిట్లకుండానే లీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి కండల్లోకి పోతుంది. కటి ఎముక విరిగినా, కాలేయమో ప్లీహమో చిట్లినా ఇంకా ఎక్కువ పోవచ్చు. వయసులో ఉన్నవారిలో గుండె వేగం పెరిగి, రక్తనాళాలు బిగుసుకుని బీపీని కొంతసేపు నిలబెడతాయి. దాదాపు మూడో వంతు రక్తం పోయేదాకా అది పడిపోకపోవచ్చు. అందుకే బీపీ అంకె ఒక్కటే చూసి ధైర్యపడకూడదు. నాడి వేగంగా కొట్టుకోవడం, చేతులు చల్లబడటం, చెమటలు, పాలిపోయిన మొహం, పొంతన లేని మాటలు అంతకంటే ముందే కనిపిస్తాయి. సీటు బెల్టు ఒరుసుకుని పొట్ట మీద కమిలినా, కడుపు నొప్పి పెడుతున్నా పైకి గాయం లేదని ఇంటికి వెళ్లిపోకూడదు.

అపోహ: తలకు దెబ్బ తగిలినా, లేచి మాట్లాడుతున్నారంటే భయం లేదు.

వాస్తవం: 2009 మార్చిలో కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయిన నటి నటాషా రిచర్డ్‌సన్ తనకేమీ కాలేదనే అన్నారు. కాసేపటికి తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు ఆమె చనిపోయారు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరడమే కారణమని తేలింది. ఈ తరహా గాయంలో మనిషి కొంతసేపు మామూలుగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా క్షీణించవచ్చు. పెరుగుతున్న తలనొప్పి, పదేపదే వాంతులు, మత్తు, మాట తడబడటం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవారికైతే చిన్న దెబ్బయినా డాక్టరుకు చూపించాల్సిందే.

అపోహ: దాహమంటున్నారు కదా, ముందు కాసిని నీళ్లు పట్టాలి.

వాస్తవం: రక్తం పోయినవారికి నోరెండిపోవడం మామూలే. కానీ తెలివి మందగించినవారికి నీళ్లు పడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆపరేషన్ అవసరమైతే, నిండిన పొట్టతో మత్తు ఇవ్వడం ప్రమాదకరం. పెదాలు తడిపితే చాలు.

అపోహ: పసుపో కాఫీ పొడో అద్దితే రక్తం ఆగుతుంది.

వాస్తవం: రక్తాన్ని ఆపేది ఒత్తిడి. శుభ్రమైన బట్ట పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. పొడులు గాయాన్ని మురికి చేస్తాయి, డాక్టరుకు లోతు కనబడనివ్వవు. ఎంత అదిమినా చేతి నుంచో కాలి నుంచో ధార ఆగకపోతే, గాయానికి పైభాగాన వెడల్పాటి గుడ్డ కట్టి, కర్రతో మెలితిప్పి బిగించి, కట్టిన సమయం రాసిపెట్టాలి. సన్నని తాడో తీగో వాడకూడదు. ఒంట్లో దిగిన ఇనుప చువ్వను, గాజు ముక్కను పీకకూడదు. రక్తనాళానికి అదే అడ్డుగా ఉండి ఉండొచ్చు.

అపోహ: తెగిన వేలిని ఐసులో వేసి తీసుకెళ్లాలి.

వాస్తవం: ఐసు నేరుగా తగిలితే కణాలు దెబ్బతింటాయి. వేలిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు నీళ్లలో ఉంచాలి.

అపోహ: టీటీ ఇంజెక్షన్ వేయించుకుంటే గాయం సంగతి తీరినట్టే.

వాస్తవం: ఆ టీకా కాపాడేది ధనుర్వాతం నుంచి, చీము నుంచి కాదు. ముందు సబ్బుతో, ధారగా పారే నీటితో గాయాన్ని కడగాలి. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయి, చివరిది వేయించుకుని ఐదేళ్లు దాటకపోతే మళ్లీ అవసరం ఉండదు.

అపోహ: 108 కోసం ఆగడం దండగ. కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో వేసుకుపోవాలి.

వాస్తవం: వెన్నెముక దెబ్బతిన్నవారిని అలా వేలాడదీస్తే వెన్నుపాముకు హాని జరిగి కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోవచ్చు. మంటలో, మీదికొచ్చే వాహనాలో లేనిదే కదపకూడదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ బండి మాత్రమే కాదు, ఆక్సిజన్, మెడ పట్టీ, శిక్షణ ఉన్న మనిషి కూడా. ఫోను చేసినప్పుడు చోటు, గాయపడినవారి సంఖ్య, ఎవరికి స్పృహ లేదో స్పష్టంగా చెప్పండి.

అపోహ: సాయం చేస్తే పోలీసులు, కోర్టుల చుట్టూ తిరగాలి.

వాస్తవం: సాయం చేసినవారిని కాపాడే మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లో ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ వారికి సివిల్, క్రిమినల్ చర్యల నుంచి రక్షణ ఇస్తోంది. పేరు, చిరునామా చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. పోలీసు లాంఛనాల కంటే ప్రాణం ముందని, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా చికిత్స మొదలుపెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కాబట్టి 108కి ఫోను చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఊపిరి ఆడేలా, రక్తం ఆగేలా చూడటానికి వెనకాడక్కర్లేదు.