పుట్టింటికి విమానమా? బస్సా?

"విజయవాడకేగా! విమానం ఎక్కితే గంటలో దిగుతారు" అని పిల్లలు ఇట్టే అనేస్తారు. నిజమే, గాల్లో ఉండేది గంటే. కానీ మనం దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్.బి.నగర్‌లోనో ఇంటికి తాళం వేసినప్పటి నుంచి పుట్టింటి గడప తొక్కేదాకా లెక్క చూసుకోవాలి కదా! పప్పు ఉడికే టైమొక్కటే చూస్తే వంట లెక్క తేలుతుందా?

ముందు విమానం సంగతి చూద్దాం. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారింది. ఎల్.బి.నగర్ నుంచి అక్కడికి దాదాపు గంట ప్రయాణం. రెండు గంటల ముందే చేరాలి. గాల్లో ఒక గంట. గన్నవరంలో సామాను చేతికి రావడానికి అరగంట. అక్కడి నుంచి బెజవాడ ఊళ్ళోకి 20 కిలోమీటర్లు, ముప్పావు గంట. మొత్తం ఐదుంపావు గంటలు!

ఇక బస్సు. రోడ్డు మీద దూరం సుమారు 275 కిలోమీటర్లు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా ఐదు నుంచి ఆరు గంటలు. మన వాళ్ళకి ఇంకో సుఖం, ఎల్.బి.నగర్ ఆ దారిలోనే ఉంది. ఎం.జి.బి.ఎస్. దాకా వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే ట్రాఫిక్‌లో రావక్కర్లేదు.

అర్ధరాత్రి "అమ్మకి బాగాలేదు" అని ఫోనొచ్చిందనుకోండి. కంగారులో తెల్లవారి విమానం టిక్కెట్టు కోసం వెతుకుతూ కూర్చోకండి. ఎల్.బి.నగర్ మీదుగా రాత్రంతా బస్సులు వెళ్తూనే ఉంటాయి. వెంటనే బయల్దేరితే తెల్లారేసరికి అమ్మ పక్కనుంటారు.

అలాగని విమానం దండగనుకోకండి. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరినప్పుడు రోడ్డు లెక్క తప్పుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకీ విమానమే నయం. టిక్కెట్టు కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని చెప్పండి. విశాఖ వెళ్ళాలన్నా అంతే. రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైమాటే, పన్నెండు గంటలు పడుతుంది. అక్కడ విమానం ఎక్కితే సగం రోజు కలిసొస్తుంది.

గుర్తుంచుకోండి

* మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. తెలంగాణ ఆడవాళ్ళకి ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితమే గానీ, రాష్ట్ర సరిహద్దు దాకానే. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకి ఛార్జీ ఇవ్వాల్సిందే.

* ఆవకాయ, నెయ్యి విమానంలో చేతిసంచిలో పెట్టుకోకండి, తనిఖీలో తీయించేస్తారు. మూత బిగించి, రెండు కవర్లు చుట్టి, లోపలికి పంపే పెట్టెలో సర్దండి. ఎండుకొబ్బరి మాత్రం ఆ పెట్టెలో పెట్టకూడదు.

* బస్సులో వెళ్ళేటప్పుడు పులిహోర, మంచినీళ్ళు, మందులు పైనే ఉంచుకోండి.

టిక్కెట్టు కొనేముందు ఇంటి గడప నుంచి పుట్టింటి గడప దాకా ఒక్కసారి లెక్కేసుకోండి. ఏది ఎక్కాలో మీకే తెలుస్తుంది!